కుడికాలి ఉత్తరువు

ఆ పంగుని నెలలో మా ఊరివాళ్లు అడిగిన నాలుగు ప్రశ్నలకు నా కుడికాలు జవాబు చెప్పింది. నాలుగింటికీ ఔననే చెప్పింది.

ఆ కాలికీ నాకూ అప్పటికి రెండు నెలలుగా మాటల్లేవు. మాది అరవదేశం, మా నెలలూ ఆ లెక్కవే: సంక్రాంతికి తై, దాని వెనక మాసి, ఆ వెనక పంగుని. తై నెల మధ్యలో, ఏ. పళ్లిపట్టి రోడ్డు పక్కనున్న చింతచెట్టు మీంచి పడ్డాను. ఇరవై ఏళ్లుగా నా పని చింతకాయ దులపడమే. కొమ్మ మీద నిలబడి, పైకొమ్మ పట్టుకుని, కాళ్లతో తొక్కి ఊపాలి. కాయ జలజలా రాలుతుంది. ఆ రోజు కాయతో పాటు నేనూ రాలాను. ఎట్లా పడ్డావని పరామర్శకు వచ్చిన ప్రతివాడూ అడిగాడు. కొమ్మ విరిగింది, పడ్డాను, అందులో పెద్ద కథేమీ లేదు. నొప్పి కూడా లేదు. నొప్పి లేకపోవడమే చెడ్డదని ఆసుపత్రిలో తెలిసింది. లేవబోతే బొడ్డుకు నాలుగు వేళ్ల పైన నేను అయిపోయాను. దాని కిందున్నదంతా ఎవరిదో.

వీపులో కడ్డీలు పెట్టి బిగించారు. ఎముకను కుదిర్చామనీ, లోపలున్న నరాల తాడు నలిగి తెగిందనీ, దాన్ని అతకడం ఎవరివల్లా కాదనీ పెద్ద డాక్టరు చెప్పాడు. మా అమ్మ మునివెంకటమ్మ ఎముక కుదిరిందన్నంత వరకే విన్నది. మిగతాది వినలేదు.

మాసి నెలలో ఇంటికి తెచ్చి వసారాలో మంచం వేశారు. అది చింతపండు కాలం. అమ్మా, నా భార్య తిలగవతీ అదే వసారాలో గుట్టలు పోసుకుని, పెంకు కొట్టి, ఈనె లాగి, గింజ తీసేవాళ్లు. ఇల్లంతా పులుపు వాసన. నా కాళ్లు అప్పుడు తడిగుడ్డల్లా ఉండేవి. ఎత్తితే లేచేవి, వదిలితే పడేవి. తిలగ రెండు గంటలకోసారి చింతపండు వదిలి, చేతులు కడుక్కుని, నన్ను ఈ పక్క నుంచి ఆ పక్కకు తిప్పేది. తిప్పకపోతే నడుము కింద పుండు పడుతుందని ఆసుపత్రిలో చెప్పి పంపారు.

తిలగ నా మేనమామ కూతురే. నా నోటి సంగతి ఆమెకు పుట్టినప్పటి నుంచీ తెలుసు.

ఒకరోజు కసిరాను. "మూటనుకున్నావా ఏమే? మెల్లగా తిప్పు!"

"చింత చచ్చినా పులుపు చావలేదు," అంది తిలగ, నా భుజం కింద దిండు తోస్తూ.

అమ్మకు కోపం వచ్చింది. "ఏమే, ఇంట్లో చచ్చే మాటలు ఎత్తొద్దు. పొద్దు గూకే టైములో మాట్లాడే మాటలా ఇవి?"

"సామెత అత్తా."

"సామెతైనా వద్దు."

పంగుని మొదటి శుక్రవారం పొద్దున అమ్మ నా కాళ్లు కడుగుతూ ఉంది. తొట్టినీళ్లు, ఐసులా చల్లగా ఉంటాయట. నాకేం తెలుసు? అమ్మ చెంబు వంచింది. నా కుడి మోకాలు ఒక్కసారిగా ముడుచుకుని పైకి లేచింది. చెంబు ఎగిరిపోయి చింతగింజల్లో పడింది. కాలు అట్లాగే ఒక క్షణం వణికి, నెమ్మదిగా జారి పరుచుకుంది.

ముగ్గురం ఆ కాలినే చూస్తూ ఉండిపోయాం.

నేను నమ్మలేదని చెప్పుకోవాలని ఉంది. అబద్ధం ఎందుకు? ఆ పూట నేనూ ఏడ్చాను.

మా వైపు మారియమ్మకు మేకను ఇచ్చేటప్పుడు ముందు దాని మీద పసుపు నీళ్లు చల్లుతారు. మేక ఒళ్లు విదిలిస్తే అమ్మవారు ఉత్తరువు ఇచ్చినట్టు. మూడుసార్లు చల్లినా విదిలించకపోతే ఆమెకు ఇష్టం లేదని మేకను ఇంటికి తోలుకుపోతారు. ఇది పుట్టినప్పటి నుంచీ చూసిన అమ్మకు, చల్లటి నీళ్లు పడగానే విదిలించిన కాలిని చూస్తే ఇంకేం తోస్తుంది? మర్నాడు తలస్నానం చేసి, వేపమండ ముంచి నా కాలి మీద పసుపు నీళ్లు చల్లింది.

"తల్లీ, మారియమ్మా, నా బిడ్డ మళ్లీ నడుస్తాడా? నడిచేదుంటే ఉత్తరువియ్యి."

మోకాలు లేచింది.

మధ్యాహ్నానికి వీధంతా వసారాలో ఉంది. పక్కింటి కాళియన్ మామ తన చేనులో బోరు వేస్తే నీళ్లు పడతాయా అని అడిగించాడు. కాలు పడతాయంది. శివగామక్క కూతురి సంబంధం కుదురుతుందా అని అడిగింది. కుదురుతుందంది. కాలికి ఇంత మర్యాద జరుగుతుంటే దాన్ని మోస్తున్న నన్ను పలకరించినవాడు లేడు. శివగామక్క పోతూ పోతూ కాలికి దండం పెట్టి, చీర కొంగు నా మొహం మీంచి ఈడ్చుకుంటూ వెళ్లింది.

వారానికోసారి బుధవారం నాడు సర్కారు తరఫున ఫిజియోథెరపీ చేసే అమ్మాయి స్కూటర్ మీద ఇంటికి వచ్చేది. పేరు కీర్తిక. ఆమెది అరవం, నన్ను అణ్ణా అనేది. ఆమె మాటలు నేను మన మాటలో చెబుతున్నాను. ఉత్తరువు సంగతి విని ఆమె నవ్వలేదు. నా పాదాన్ని పట్టుకుని వేళ్లను పైకి గట్టిగా నొక్కి ఉంచింది. పాదం టకటకా కొట్టుకోవడం మొదలుపెట్టింది. వదిలితే ఆగింది.

"మీరు కొట్టించారా అణ్ణా?"

"లేదు."

"దెబ్బ తగిలిన కొత్తలో వెన్నులోని తాడంతా మూర్ఛపోయినట్టు పడి ఉంటుంది. ఆరేడు వారాలకు తెగిన చోటుకు కింద ఉన్న ముక్క లేస్తుంది. కానీ తలతో దానికి దారి లేదు. నీళ్లు తగిలిన కబురు పైకి పోదు. అక్కడికక్కడే 'లాక్కో' అని కాలికి చెప్పేస్తుంది. అందరికీ ఉండేదే ఇది. నిప్పు తొక్కితే ముందు కాలు వెనక్కి వస్తుంది, తర్వాతే కదా అమ్మా అంటాం? బాగున్నవాళ్లకు తల దాన్ని అదుపులో పెడుతుంది. మీకు అదుపులో పెట్టేవాడు లేడు."

"అంటే కలెక్టర్ దాకా ఫైలు పోకుండానే మా ఊరి వీఏఓ, అదే కరణం, సంతకాలు పెట్టేస్తున్నాడు."

ఇప్పుడు నవ్వింది. "అంతే అణ్ణా. ఏ కాగితం పెట్టినా పెట్టేస్తాడు."

తర్వాత అసలు సంగతి చెప్పింది. వేలూరు దగ్గర వెన్ను దెబ్బతిన్నవాళ్లకు నేర్పే చోటు ఒకటి ఉంది. ఎవరూ పట్టుకోకుండా కూర్చోవడం, మంచం మీంచి చక్రాల కుర్చీలోకి చేతుల బలంతో జరగడం, గొట్టం వేసుకుని ఒంటేలు తనే తీసుకోవడం, పుండ్లు పడకుండా చూసుకోవడం, అన్నీ నేర్పుతారు. ఆరు వారాలు. భార్య తోడుండాలి. పంగుని ఆఖరి సోమవారం ఒక పడక ఖాళీ అవుతుంది. ఆ రోజు పోకపోతే వెనకున్నవాడికి ఇచ్చేస్తారు, మళ్లీ ఆడి నెల దాటాకే, అంటే ఇంకో నాలుగు నెలలు. కాళ్లు బిగుసుకుపోకుండా డాక్టరు రాసిచ్చిన తెల్లమాత్రలు కూడా ఇచ్చింది. వాడితే కాలు ఇట్లా ఎగరడం తగ్గుతుందని చెప్పింది.

అమ్మ అంతా వింది. మాత్రల అట్ట తీసుకుని మారియమ్మ పటం వెనక పెట్టింది.

"ఆ తల్లి కదిలించే కాలిని మీరు మాత్రేసి కట్టేస్తారా?" అంది.

ఆ సోమవారానికి మర్నాడే, మంగళవారం, మా ఊళ్లో మారియమ్మ పండుగకు కాప్పు కడతారు. గుడి ముందు స్తంభానికీ, మొక్కున్నవాళ్ల మణికట్టుకూ పసుపుతాడు కట్టాక పండుగ ముగిసేదాకా ఊళ్లోవాళ్లు బయట రాత్రి గడపకూడదు. అమ్మ నా చేతికి కాప్పు కట్టిస్తానని మొక్కుకుంది. పండుగ చివరి రోజు నేను నడిచి గుడి చుట్టూ తిరుగుతానట. దాన్ని కూడా కాలినే అడిగింది.

"వేలూరికి పోకుండా నీ కాడే ఉంచుకుంటావు కదా తల్లీ?"

ఉంచుకుంటానంది కాలు. అది నాలుగో జవాబు.

దాంతో నా పని అయిపోయింది. నేను వ్యాన్ ఎక్కాలంటే నలుగురు ఎత్తాలి. ఊళ్లో ఆ నలుగురు అమ్మవారి మాట కాదని నన్ను ఎత్తరు. టమాటా వ్యాన్ నడిపే మారిముత్తు ముందే తేల్చేశాడు.

"నేను వస్తాను అణ్ణా, పెట్రోలు కూడా వద్దు. కానీ అమ్మవారు వద్దన్నాక నా బండి కదలదు. తప్పుగా అనుకోవద్దు."

"నీ బండి మామూలుగానే కదలదు," అన్నాను. ఇంకేం అనాలి?

తర్వాతి బుధవారం కీర్తిక వచ్చినప్పుడు అమ్మ ఆమెను నిలదీసింది. "మాటలెందుకు పాపా? వాడికి తెలుస్తాంది. తిలగ పాదం పట్టుకుంటే కళ్లు మూసుకుని చెప్తాండాడు. చూడు కావాలంటే."

అది నిజమే. వారం రోజులుగా నాకు పాదాలు కొంచెం తెలుస్తున్నాయి. తిలగ బొటనవేలు పట్టుకుంటే అక్కడ ఏదో వెచ్చగా ఉన్నట్టు, దూరంగా ఎవరో పిలిచినట్టు ఉండేది. కీర్తిక నన్ను కళ్లు మూసుకోమంది. ముట్టుకున్నప్పుడల్లా చెప్పమంది. తిలగ ముట్టుకుంది.

"ఇప్పుడు," అన్నాను. "ఇప్పుడు. ఇప్పుడు."

మూడూ సరిగ్గానే చెప్పాను. అమ్మ చేతులు చరిచింది. కళ్లు తెరిచి చూస్తే కీర్తిక నా కాలిని కాదు, తిలగ చేతుల్ని చూస్తోంది.

"అక్కా, ఆ గాజులు ఒక్క నిమిషం తీస్తారా?"

"ఏం మాట పాపా అది!" అమ్మ లేచి నిలబడింది. "మొగుడు కండ్ల ముందర ఉండంగా గాజులు తీయమంటావా?"

కీర్తిక తప్పు చేసినదానిలా తల దించుకుంది. తిలగ తాడు మీదున్న నా తువ్వాలు లాగి, పంటితో రెండు ముక్కలుగా చింపి, మణికట్ల మీద గాజులు గలగలమనకుండా చుట్టుకుంది. నేను మళ్లీ కళ్లు మూసుకున్నాను.

ఈసారి జాగ్రత్తగా ఉన్నాను. ఊపిరి బిగబట్టి పాదాల వైపు మనసు పెట్టాను. బయట ఎవరిదో మేక అరిచింది. బొమ్మిడి వైపు పోయే బస్సు హారన్ కొట్టింది. ఇంకా ఎదురుచూశాను.

"ఏమే, ఇంకా మొదలుపెట్టలేదా?" అన్నాను.

కీర్తిక గొంతు వినిపించింది. "అయిపోయింది అణ్ణా. పదిసార్లు."

కళ్లు తెరిచాను. తిలగ చెయ్యి ఇంకా నా పాదం మీదే ఉంది, గట్టిగా పట్టుకుని ఉంది.

"ఈ పొద్దు వాడికి నిద్ర చాలలేదు," అంది అమ్మ, చింతపండు ముందుకు లాక్కుంటూ.

పోయేముందు కీర్తిక నన్ను పక్కకు తిప్పించి, నడుము కింద ఫోటో తీసి చూపించింది. చింతగింజంత ఎర్రటి మచ్చ. తోలు ఇంకా తెగలేదు. ఇంత శ్రద్ధగా తిప్పుతుంటేనే ఇట్లా ఉందనీ, అక్క ఒక్కర్తే ఎన్నాళ్లు తిప్పుతుందనీ అంది. తిలగ నడుము పట్టుకుని లేస్తోందని నేనూ చూస్తున్నాను. చూసి ఏం చేస్తాను?

అమ్మ నీళ్లకు పోయాక తిలగను పిలిచాను.

"ఆదివారం పూసారి వస్తాడు గదా, కాప్పుకు ముందు ఉత్తరువు అడిగేదానికి?"

"వస్తాడు."

"ఏమడిగినా ఈ కాలు ఔననే అంటుంది. ఆ పటం వెనకాల మాత్రలు తీసుకురా."

తిలగ వాకిలి వైపు చూసింది. "అత్తకు తెలిస్తే?"

"తెలిస్తే కొట్టమను. పారిపోను గదా."

ఆమె నవ్వలేదు. లోపలికి పోయి మాత్రా నీళ్లూ తెచ్చింది. అట్టను తన జాకెట్లో దాచుకుంది. రోజుకు మూడు, చెప్పిన లెక్కకే వేసుకున్నాను, ఒక్కటి ఎక్కువ వేసుకోలేదు. శుక్రవారానికి తల దిమ్ముగా ఉండి మగతగా పడుకుంటే, ఎండదెబ్బ అనుకుని అమ్మ మజ్జిగ తాగించింది. శనివారం తిలగ తడిచేత్తో పాదం తుడిచినప్పుడు మోకాలు కొంచెం ఉలిక్కిపడింది, అంతే. ఆదివారం తెల్లారి అదీ లేదు. కాళ్లు మెత్తగా, బుద్ధిగా పడుకున్నాయి.

పూసారి మారెప్ప ఎనిమిదింటికి వచ్చాడు. ఇత్తడి చెంబు, వేపమండ, నడుముకు దోపుకున్న పసుపుతాళ్లు. కాళియన్ మామ, శివగామక్క, మారిముత్తు, ఇంకా సగం వీధి. బోరు వేయడానికి ఏర్పాట్లు చేసుకున్నాడేమో కాళియన్ మామ అందరికంటే ముందు నిలబడ్డాడు. అమ్మ కొత్తచీర కట్టుకుంది. నా కాళ్లకు పసుపు రాసి, బొటనవేళ్లకు కుంకుమ పెట్టింది. పెళ్లినాడు కూడా అంత శ్రద్ధగా పెట్టలేదు.

"తల్లీ మారియమ్మా," మారెప్ప గొంతెత్తాడు, "మునివెంకటమ్మ కొడుకు వేల్‌మురుగన్ నీ కాప్పు కట్టుకుంటాడు. ఒప్పుకుంటే ఉత్తరువియ్యమ్మా!"

మండ ముంచి చల్లాడు. కాలు కదల్లేదు.

"ఇంకో తూరి," అంది అమ్మ.

చల్లాడు. కదల్లేదు.

"నీళ్లు వేడెక్కినాయి పూసారీ. ఉండు." అమ్మ లోపలికి పరిగెత్తి కుండలో నీళ్లు తెచ్చి చెంబులో పోసింది. మారెప్ప ఈసారి మండను కాలికి తగిలేలా ఒత్తి చల్లాడు. నీళ్లు పిక్క మీంచి జారి పరుపులోకి ఇంకాయి.

మారెప్ప చేతిలోకి తీసుకున్న పసుపుతాడును మళ్లీ నడుముకు దోపుకున్నాడు. "ఒల్లదంట తల్లి. మూడు తూర్లే గదా మునివెంకటక్కా. వదిలెయ్యి. వాణ్ణి యాడికి కావాలంటే ఆడికి పంపు. ఆమె పట్టుకోలేదు."

నాకు కావలసింది అదే. ఐదు రోజులుగా నేను పన్నిన పన్నాగం అక్షరం పొల్లుపోకుండా జరిగింది. మారిముత్తు అప్పుడే ఫోన్ తీసి, రేపటి టమాటా లోడు వేరేవాడికి చెప్పుకొమ్మంటున్నాడు. తిలగ నా వైపు చూడకుండా వాకిట్లోకి పోయింది. జనం కదిలారు.

అమ్మ కదల్లేదు. కుండ ఎత్తి మిగిలిన నీళ్లన్నీ నా రెండు కాళ్ల మీద కుమ్మరించింది. పసుపు, కుంకుమ కొట్టుకుపోయాయి. నేల మీదున్న చింతపండు గుట్ట దాకా నీళ్లు పారాయి. మోకాళ్ల మీద కూలబడి నా పాదం రెండు చేతుల్తో పట్టుకుంది. ఇప్పుడు అమ్మవారిని అడగడం లేదు.

"కదులు నాయనా. ఒక్క తూరి. అమ్మ కోసం కదులు."

మాత్రలు మింగింది నేను. కాలు ఎందుకు కదలదో ఆ వసారాలో అందరికంటే నాకు బాగా తెలుసు. కదిలినా అది నేను కాదనీ తెలుసు. అయినా ఆమె అట్లా అడిగేసరికి నాకు మరేమీ గుర్తు లేదు. ఒక్క తన్ను ఇస్తే చాలు, ఆమె లేస్తుంది. మంచం పట్టె రెండు చేతుల్తో పట్టుకున్నాను. పళ్లు బిగించాను. చెట్టు మీద కొమ్మను తొక్కేటప్పుడు ఎట్లా బలం దింపేవాణ్ణో అట్లా భుజాల నుంచి కిందికి దింపాను. మెడ నరాలు బిగుసుకున్నాయి, మంచం కిర్రుమంది. బలమంతా బొడ్డు పైదాకా పోయింది. అక్కణ్ణించి ముందుకు దారి లేదు. మళ్లీ దింపాను. మళ్లీ.

మంచం కదలడం చూసి అమ్మ తలెత్తింది. "ఏడస్తాండావా సామీ?"

"లేదమ్మా," అన్నాను, ఊపిరందక. "కాలు లేపుతాండాను."

అమ్మ నా మొహం చూసింది. చెమటతో కారిపోతున్న నా మొహాన్ని, పట్టె మీద తెల్లబడిన నా వేళ్లను చూసింది. తర్వాత తన చేతుల్లో ఉన్న పాదాన్ని చూసింది. ఇన్నాళ్లూ కాలు ఎగిరినప్పుడు ఆమె కాలినే చూసింది. అప్పుడు నా మొహం చూసి ఉంటే, నేను ఊరికే పడుకుని ఉండటం కనిపించేది. మళ్లీ నా మొహం చూసింది. నేనింకా లేపుతూనే ఉన్నాను.

"చాలు," అంది. "చాల్లే నాయనా. వదిలెయ్యి."

కొత్తచీర కొంగుతో నా రెండు కాళ్లూ వేళ్ల సందుల దాకా తుడిచింది. తడిసిన దుప్పటి లాగి పొడిది కప్పింది. తర్వాత వాకిలి వైపు తిరిగి కేకేసింది.

"ఏమే తిలగా, రేపు వ్యాన్ ఎన్ని గంటలకంట?"